కప్పు కింది నిశ్శబ్దం: అంతస్తుల నడుమ శబ్దనిరోధ నిర్మాణ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

బహుళ అంతస్తుల ఇళ్లలో పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు దిగే శబ్దాన్ని అడ్డుకోవడానికి గత రెండు శతాబ్దాలలో జరిగిన నిర్మాణ ప్రయత్నాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. స్కాట్లండు ఇళ్లలోని బూడిద పూరకం, లండన్‌లో థామస్ కార్లైల్ కట్టించుకున్న గది, వాలెస్ సబైన్ పరిశోధనలు, జర్మనీలో రూపుదిద్దుకున్న తేలే నేల, వివిధ దేశాల నిర్మాణ నిబంధనలు, తెలుగు ప్రాంతపు మిద్దె నుంచి అపార్ట్‌మెంటు స్లాబు వరకు జరిగిన మార్పు ఇందులో చర్చకు వస్తాయి. కప్పు గుండా దిగే శబ్దాన్ని కప్పుకు కింది వైపున చేసే పని పూర్తిగా ఆపలేదని, అసలు పరిష్కారం పై ఇంటి నేలలో ఉందని, అందువల్లనే ఇది సాంకేతిక సమస్యగా మొదలై చట్టపరమైన సమస్యగా మారిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శబ్దనిరోధం, శబ్దశోషణ, తాకిడి శబ్దం, తేలే నేల, మిద్దె, స్లాబు, నిర్మాణ నిబంధనలు.

1. ఉపోద్ఘాతం

ఇంటి కప్పు ఎండ, వాన, గాలి నుంచి రక్షణ ఇవ్వాలని మనిషి ఆదినుంచీ కోరుకున్నాడు. ఒకరి కప్పు మరొకరికి నేల అయినప్పుడు మాత్రం ఆ కప్పుకు మరొక బాధ్యత వచ్చి చేరింది. పైన నడిచేవారి అడుగులు, జరిపే కుర్చీలు, పరుగెత్తే పిల్లలు, పడిపోయే పాత్రలు కింద ఉన్నవారికి వినిపించకుండా చూడటం ఆ బాధ్యత. వాస్తుశిల్ప చరిత్ర గ్రంథాలు ఇంటి ఆకారాన్ని, అలంకారాన్ని, బలాన్ని విస్తారంగా చర్చించాయి. కప్పుకూ నేలకూ మధ్యనున్న పొరలో ఏముందో, అది ఎందుకు మారిందో మాత్రం అంతగా చర్చకు రాలేదు. కంటికి కనబడని ఆ పొర చరిత్రే ఈ వ్యాసానికి విషయం.

చర్చకు ముందు రెండు భేదాలను స్పష్టం చేసుకోవాలి. మొదటిది శబ్ద స్వభావానికి సంబంధించినది. మాట, సంగీతం వంటివి ముందు గాలిని కదిలిస్తాయి. ఆ గాలి కప్పును కదిలిస్తుంది. దీనిని గాలి శబ్దం అనవచ్చు. అడుగుల చప్పుడు, వస్తువులు పడిన చప్పుడు నేరుగా కప్పులోనే పుడతాయి. దీనిని తాకిడి శబ్దం అనవచ్చు. రెండవ భేదం ఉపాయానికి సంబంధించినది. గదిలో పుట్టిన శబ్దం గోడలకు తగిలి మారుమోగకుండా పీల్చుకోవడం శబ్దశోషణ. ఒక గది నుంచి మరొక గదికి శబ్దం దాటకుండా ఆపడం శబ్దనిరోధం. మెత్తని, రంధ్రాలున్న పదార్థం మొదటి పనికి పనికివస్తుంది. రెండవ పనికి బరువు, విడివి రెండూ కావాలి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల జరిగిన పొరపాట్లు ఈ చరిత్ర పొడవునా కనిపిస్తాయి.

2. శాస్త్రానికి ముందున్న పనితనం: పూరకాలు

కొలిచే సాధనాలు రాకముందే శబ్దాన్ని ఆపే పద్ధతి మేస్త్రీలకు తెలుసు. ఎడింబరో, గ్లాస్గో నగరాలలో అనేక కుటుంబాలు ఒకే మెట్లదారిని పంచుకుంటూ ఒకరిపై ఒకరు నివసించే రాతి భవనాలు వెలిశాయి. ఆ భవనాలలో చెక్క దూలాల మధ్య, నేల పలకలకు దిగువగా, అడ్డుపలకలు అమర్చి వాటిపై బూడిద, మట్టి వంటి బరువైన పదార్థాన్ని నింపేవారు. శబ్దాన్ని 'చెవిటి' చేసే పొర అనే అర్థం వచ్చే మాటతోనే అక్కడి పనివారు దానిని పిలిచారు. ఇంగ్లండులోనూ సున్నం, ఇసుక, బూడిద కలిపి దూలాల నడుమ నింపే అలవాటు ఉండేది. మధ్య ఐరోపాలో ఇసుక, కట్టడపు రద్దు, కొలిమి చిట్టెం ఆ స్థానంలో వాడారు.

ఈ పూరకాలు రెండు పనులు చేసేవి. తేలికైన చెక్క నేలకు బరువును చేర్చి గాలి శబ్దాన్ని తగ్గించేవి. రేణువులు ఒకదానితో మరొకటి రాసుకోవడం వల్ల కంపన శక్తి ఉష్ణంగా మారి అణగారిపోయేది. పలక బరువు రెట్టింపైతే అది ఆపే గాలి శబ్దం సిద్ధాంతరీత్యా సుమారు 6 డెసిబెల్లు పెరుగుతుందని తరువాతి శాస్త్రం చెప్పింది. చదరపు మీటరుకు సుమారు 80 కిలోల పూరకం ఉండాలని ఇంగ్లండు నిర్మాణ మార్గదర్శకాలు 20వ శతాబ్దంలో చెప్పినప్పుడు, పాత మేస్త్రీల అలవాటుకే అంకె రూపం ఇచ్చాయి.

పూరకాలకు ధర ఉండేది, బరువు ఉండేది. ఆ బరువును మోయడానికి దూలాలు లావుగా ఉండాలి. నిర్మాణ వ్యయాన్ని తగ్గించాలనుకున్న ప్రతిచోటా ముందుగా తొలగిపోయేది ఈ పొరే. అది కంటికి కనిపించదు కనుక అది లేదన్న సంగతి ఇల్లు కొనేవారికి తెలిసేది కాదు. మరమ్మతుల్లో గొట్టాలు, తీగలు వేయడానికి ఆ బూడిదను తవ్విపోసి, తిరిగి నింపకుండా వదిలేసిన ఇళ్లలో కింది కాపురస్థులకు దాని విలువ తెలిసివచ్చింది.

3. కార్లైల్ గది: ఒక గృహనిర్మాణ వైఫల్యం

స్కాట్లండులో పుట్టిన చరిత్రకారుడు థామస్ కార్లైల్ 1834 నుంచి లండన్‌లోని చెల్సియా ప్రాంతంలో, చేన్ రోలో నివసించాడు. పొరుగింటి కోళ్లు, పియానో, వీధి వాద్యగాళ్లు తన రచనను సాగనివ్వడం లేదని ఆయన వాపోయేవాడు. చివరకు 1853లో ఇంటి పైభాగాన ఒక శబ్దనిరోధక గదిని కట్టించుకున్నాడు. దానికి జంట గోడలు కట్టించాడు. పలకరాతి కప్పు కింద గాలి పొర ఉండేలా చూశాడు. పక్కల నుంచి శబ్దం రాకుండా వెలుతురును పైకప్పులోని కిటికీ ద్వారా తీసుకున్నాడు.

గది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. సమీపంలోని కొన్ని శబ్దాలు తగ్గినా, అంతకుముందు గమనింపుకు రాని దూరపు శబ్దాలు వినిపించసాగాయి. ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ చరిత్రను ఆయన ఆ గదిలోనే రాశాడు కానీ కోరుకున్న నిశ్శబ్దం అక్కడ దక్కలేదు.

ఈ వైఫల్యంలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, శబ్దానికి అనేక దారులుంటాయి. గోడను రెండింతలు చేసి కప్పులో అద్దం పెడితే శబ్దం ఆ అద్దం గుండా దిగుతుంది. నిరోధం మొత్తంగా అతి బలహీనమైన భాగాన్ని బట్టి ఉంటుంది. రెండు, దగ్గరి శబ్దం దూరపు శబ్దాన్ని కప్పిపుచ్చుతుంది. దానిని తొలగిస్తే దాగి ఉన్నది బయటపడుతుంది.

మూడవ విషయం సామాజికమైనది. కార్లైల్‌కు సొంత ఖర్చుతో గది కట్టుకునే స్తోమత ఉంది. ఆయన వంటివారి ఫిర్యాదులకు పార్లమెంటు కూడా స్పందించింది. లండన్ వీధి వాద్యగాళ్లను అదుపు చేసే చట్టం 1864లో వచ్చింది. దానికి మద్దతు తెలిపిన రచయితలలో కార్లైల్, చార్లెస్ డికెన్స్ ఉన్నారు. చట్టం వీధి శబ్దాన్ని పట్టించుకుంది. అదే నగరంలో ఒకే ఇంటి గదులను పంచుకుని బతికే పేద కుటుంబాల నెత్తిన మోగే అడుగులను మాత్రం పట్టించుకోలేదు. బయటి శబ్దానికి ముందుగా, ఇంటి లోపలి శబ్దానికి ఎంతో ఆలస్యంగా చట్టం రావడం తరువాత ఇతర దేశాలలోనూ కనిపిస్తుంది.

4. కొలత వచ్చిన కాలం: సబైన్, ఆయన తరువాత

భవన ధ్వనిశాస్త్రం కొలతల శాస్త్రంగా మారడానికి హార్వర్డు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ క్లెమెంట్ సబైన్ కారకుడు. మాటలు మారుమోగి అర్థంకాని ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరాన్ని సరిచేసే పని 1895లో ఆయనకు అప్పగించారు. ఆ ప్రయోగాల నుంచి గది ఘనపరిమాణానికి, శోషణకు, మారుమోత కాలానికి గల సంబంధాన్ని ఆయన సూత్రీకరించాడు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు ఆ సూత్రానికి తొలి పెద్ద పరీక్ష.

ఈ కృషి అంతా శోషణకు సంబంధించినది. నిరోధం సమస్యను సబైన్ తరువాత చేపట్టాడు. 1915లో ఇటుక నిర్మాణ వృత్తి పత్రిక 'ది బ్రిక్‌బిల్డర్'లో శబ్దనిరోధంపై ఆయన వ్యాసం వెలువడింది. ఇల్లినాయిస్ రాష్ట్రంలోని జెనీవాలో ఆయన కోసం నిర్మించిన రివర్‌బ్యాంక్ ప్రయోగశాల 1918లో సిద్ధమైంది. 1919 జనవరిలో సబైన్ మరణించడంతో ఆ ప్రయోగశాల బాధ్యతను ఆయన బంధువు పాల్ సబైన్ స్వీకరించి, గోడల, పలకల గుండా దాటే శబ్దాన్ని కొలిచే పనిని కొనసాగించాడు. 1920లలో బెల్ టెలిఫోన్ ఇంజనీర్లు రూపొందించిన డెసిబెల్ ప్రమాణం ఆ కొలతలకు ఉమ్మడి భాషను ఇచ్చింది.

శాస్త్రం ఈ దశలో ఉండగా మార్కెట్టు ముందుకు సాగిపోయింది. సముద్రపు గడ్డిని కాగితాల మధ్య కుట్టిన దుప్పటిని బోస్టన్‌కు చెందిన శామ్యూల్ క్యాబట్ సంస్థ 1890ల నుంచే నేలల కింద, గోడల మధ్య వాడటానికి అమ్మింది. 1920లలో చెరకు పిప్పితో చేసి రంధ్రాలు వేసిన పలకలు కార్యాలయాల కప్పులకు ఎక్కాయి. ఆ పలకలు గదిలోని మారుమోతను బాగా తగ్గించాయి. కొనేవారిలో చాలామంది వాటినే పై అంతస్తు శబ్దాన్ని ఆపే సాధనంగానూ భావించారు. తేలికైన, రంధ్రాలున్న పలక తన గుండా శబ్దాన్ని పోనిస్తుంది కాబట్టి ఆ పని దానివల్ల కాదు. నేటికీ చిన్న రికార్డింగు గదుల గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి బయటి శబ్దం ఆగుతుందని ఆశించడం ఈ గందరగోళానికి కొనసాగింపే.

5. కాంక్రీటు తెచ్చిన మార్పు

ఫ్రెంచి నిర్మాత ఫ్రాన్స్వా హెన్నెబిక్ 1892లో పేటెంటు పొందిన పద్ధతిలో స్తంభం, దూలం, స్లాబు ఒకే అఖండ శరీరంగా పోతపోస్తారు. ఇంజనీరు దృష్టిలో ఈ అఖండతే ఉక్కు కాంక్రీటుకు గొప్ప సుగుణం. బరువు ఒకచోట పడితే నిర్మాణమంతా కలిసి మోస్తుంది. శబ్దం విషయంలో అదే గుణం దోషమైంది. స్లాబుపై ఒకచోట పడిన దెబ్బ దూలాల్లోకి, స్తంభాల్లోకి, వాటిని అంటిన గోడల్లోకి వ్యాపిస్తుంది. కింది గదిలో కప్పుతోపాటు గోడలూ మోగుతాయి.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మనీలో పెద్దఎత్తున సాగిన గృహనిర్మాణంలో ఈ సమస్య బయటపడింది. ఖర్చు తగ్గించిన పలుచని గోడలు, నేలలు గల కొత్త ఇళ్లలో పొరుగువారి ప్రతి కదలికా వినిపించసాగింది. ఆ ఫిర్యాదులతో పరిశోధన ఊపందుకుంది. నేలపై సుత్తులతో క్రమబద్ధంగా కొట్టి కింది గదిలో శబ్దాన్ని కొలిచే యంత్రాన్ని 1930లలో జర్మన్ పరిశోధకులు ప్రమాణీకరించారు. అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడిన ఆ యంత్రంలో ఒక్కొక్కటి 500 గ్రాముల సుత్తులు 5 ఉంటాయి. అవి 40 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి, సెకనుకు 10 దెబ్బల చొప్పున నేలను తాకుతాయి. గాలి శబ్దం విషయంలో నిరోధపు అంకె ఎంత ఎక్కువైతే అంత మేలు. తాకిడి శబ్దం విషయంలో కింది గదిలో నమోదయ్యే అంకె ఎంత తక్కువైతే అంత మేలు.

భవనాలలో శబ్ద రక్షణకు సంబంధించిన జర్మన్ ప్రమాణం డీఐఎన్ 4109 మొదటిసారి 1944లో, యుద్ధం మధ్యలోనే వెలువడింది. యుద్ధంలో కూలిన నగరాలను తిరిగి కట్టే క్రమంలో దానికి సమాధానంగా నిలిచిన నిర్మాణం తేలే నేల. దీనిలో కాంక్రీటు స్లాబుపై ఖనిజపు ఉన్ని వంటి స్థితిస్థాపక పొరను పరుస్తారు. అదే పొరను గదిచుట్టూ గోడల అంచున నిలువుగా పైకి తీస్తారు. దానిపై కొన్ని సెంటీమీటర్ల మందంతో గచ్చు పోస్తారు. ఆ గచ్చు కింద స్లాబునూ, పక్కన గోడనూ ఎక్కడా తాకదు. లోథర్ క్రెమర్ 1952లో ఈ నేల ప్రవర్తనకు సిద్ధాంతం రూపొందించాడు. బరువైన గచ్చు, మెత్తని పొర కలిసి స్ప్రింగు మీద బరువులా పనిచేస్తాయి. ఆ వ్యవస్థ సహజ కంపన సంఖ్యకు పైన ఉన్న కంపనాలు స్లాబుకు చేరేలోగా క్షీణిస్తాయి.

పాత పూరకానికీ తేలే నేలకూ మధ్య తేడా ఇక్కడ గమనించదగినది. పూరకం శబ్దాన్ని బరువుతో అణచింది. తేలే నేల శబ్దం పుట్టే చోటునే నిర్మాణం నుంచి విడదీసింది. అయితే విడదీయడం పూర్తిగా జరిగితేనే ఫలితం ఉంటుంది. గచ్చు పోసేటప్పుడు మెత్తని పొర చిరిగి కాంక్రీటు కిందికి జారినా, అంచున పలక గోడకు అతుక్కున్నా, అక్కడ శబ్దానికి వంతెన ఏర్పడుతుంది. అమెరికాలో 1960లలో వ్యాప్తిలోకి వచ్చిన సాగే లోహపు పట్టీల సీలింగుకూ ఇదే నియమం వర్తిస్తుంది. జిప్సం పలకను ఆ పట్టీకి మాత్రమే బిగించాలి. పొడవైన మర ఒకటి పట్టీని దాటి దూలంలోకి దిగితే ఆ చోట నిరోధం దెబ్బతింటుంది. అందువల్ల ఈ చరిత్రలో పనివాడి శ్రద్ధకు పదార్థంతో సమానమైన స్థానం ఉంది.

6. చట్టం ఎందుకు అవసరమైంది?

తాకిడి శబ్దానికి ఒక విచిత్ర లక్షణం ఉంది. శబ్దం పై ఇంటిలో పుడుతుంది. బాధ కింది ఇంటిలో కలుగుతుంది. మందు పై ఇంటి నేలలో వేయాలి. బాధపడేవారికి ఆ నేలపై హక్కు లేదు. హక్కున్నవారికి ఆ ఖర్చు వల్ల కలిగే లాభం లేదు. ఇద్దరూ మంచివారే అయినా ఈ చిక్కు తీరదు. ఇల్లు కట్టే నాడే నిర్మాత ఆ పొరను వేయాలి. అతనిచేత వేయించగలిగేది నిబంధన ఒక్కటే.

పాశ్చాత్య దేశాలలో నిబంధనలు క్రమంగా ఈ దిశకు వచ్చాయి. ఇంగ్లండు, వేల్స్‌లలో 1965 జాతీయ నిర్మాణ నిబంధనల్లో శబ్దనిరోధం చోటుచేసుకుంది. అమెరికా ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ కోసం 1967లో ఉమ్మడి నివాసాల శబ్ద నియంత్రణపై వివరమైన మార్గదర్శిని వెలువడింది. కాలిఫోర్నియా 1974లో ప్రత్యేక నియమాలు చేసింది. ఇంగ్లండు 2003లో మరొక అడుగు వేసింది. కాగితం మీది నమూనాతో సరిపెట్టక, పూర్తయిన ఇళ్లలో కొన్నింటినైనా కొలిచి చూపాలని కోరింది. కొత్త ఫ్లాట్ల మధ్య తాకిడి శబ్దం 62 డెసిబెల్లు మించరాదని నిర్దేశించింది. జర్మన్ ప్రమాణం 1989 కూర్పులో ఆ పరిమితి 53 డెసిబెల్లు.

దక్షిణ కొరియా అనుభవం ఈ పరిణామానికి మరొక పార్శ్వం. జనాభాలో అధికభాగం అపార్ట్‌మెంట్లలో నివసించే ఆ దేశంలో అంతస్తుల మధ్య శబ్దం పెద్ద సామాజిక సమస్యగా మారింది. సుత్తుల యంత్రం పడిపోయే వస్తువుల శబ్దాన్ని పోలుతుంది. పిల్లలు దూకినప్పుడు వచ్చే బరువైన, తక్కువ స్థాయి మోతను అది పట్టుకోలేదు. అందుకే జపాన్, కొరియాలలో కారు టైరును, తరువాత రబ్బరు బంతిని జారవిడిచి కొలిచే పద్ధతిని కూడా స్వీకరించారు. కొరియా నిబంధనలు స్లాబు మందాన్ని 210 మిల్లీమీటర్లకు పెంచాయి. 2022 ఆగస్టు నుంచి నిర్మాణం పూర్తయ్యాక కొలిచే విధానం అక్కడ అమలులోకి వచ్చింది. ప్రయోగశాలలో నెగ్గిన నేల అసలు ఇంటిలో నెగ్గకపోవచ్చునన్న అనుభవమే దీనికి మూలం.

7. తెలుగు ప్రాంతం: మిద్దె నుంచి స్లాబుకు

పాశ్చాత్య నగరాల ఈ క్రమం తెలుగు ప్రాంతంలో అదే రూపంలో జరగలేదు. రాయలసీమలో గోడలపై దూలాలు, వాటిపై దంతెలు పరచి, ఆపైన పుల్లలు వేసి, మట్టి, చవుడు పోసి దిమ్మిసతో గట్టిపరచిన మిద్దెలు ఉండేవి. చవుడు ప్రధానంగా వాననీటిని అడ్డుకోవడానికి, మట్టి మందం ఎండ వేడిని ఆపడానికి ఉద్దేశించినవి. బరువైన, వదులు రేణువుల పొర కావడం వల్ల శబ్దాన్ని అణచే గుణం వాటికి అదనంగా అబ్బింది. స్కాట్లండు బూడిదకూ సీమ మట్టికీ భౌతిక సూత్రం ఒకటే, ఉద్దేశాలు వేరు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ప్రభుత్వ భవనాలకు, సంపన్నుల మేడలకు మద్రాసు టెర్రస్ పద్ధతి వ్యాపించింది. టేకు దూలాలపై చిన్న ఇటుకలను అంచుమీద నిలిపి, ఏటవాలు వరుసలో సున్నంతో పేర్చేవారు. దానిపై ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి కొట్టి, పైన పలకలు పరిచేవారు. ఇటుక వరుస, సున్నపు పొర కలిసి సుమారు 150 మిల్లీమీటర్ల మందం ఉంటే, చదరపు మీటరుకు 250 కిలోల పైచిలుకు బరువు వస్తుంది. నేటి 125 మిల్లీమీటర్ల కాంక్రీటు స్లాబు బరువు అదే చదరపు మీటరుకు సుమారు 312 కిలోలు. అంటే కొత్త కప్పు పాతదానికంటే తేలిక కాదు. పాత కాలంలో బరువు వల్ల నిశ్శబ్దం ఉండేదని, స్లాబు పలుచన కావడం వల్ల అది పోయిందని చెప్పడం సరికాదు. తేడా బరువులో కంటే అతుకులో ఉంది. పాత కప్పులో టేకు, ఇటుక, సున్నం వేర్వేరు గుణాలున్న పదార్థాలు. దూలం గోడపై ఆనుకుని ఉంటుంది కానీ గోడతో ఏకమైపోదు. కొత్త కప్పు దూలాలతో, స్తంభాలతో ఒకటే శరీరం.

అంతకంటే పెద్ద తేడా నివాస పద్ధతిలో ఉంది. మేడ ఉన్న ఇంటిలో సాధారణంగా పైనా కిందా ఒకే కుటుంబం ఉండేది. పైన పిల్లలు పరుగెడితే కింద తాతయ్య కేకవేసేవాడు, అంతటితో సరిపోయేది. బరువైన తాకిడి పనులు నేలమీదనే జరిగేవి. రోలు పెరటి నేలలో పాతి ఉండేది. రోకటి పోటు భూమిలోకి దిగిపోయేది. అపార్ట్‌మెంటు వచ్చాక అయిదో అంతస్తు వంటగదిలో దంచినా, గ్రైండరు తిరిగినా ఆ కంపనాన్ని మోసేది నాలుగో అంతస్తువారి కప్పే. 1987లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఫ్లాటు యాజమాన్యానికి న్యాయరూపం ఇచ్చింది. ఒకే స్లాబుకు పైన ఒకరు, కింద మరొకరు యజమానులుగా, పరస్పరం బంధుత్వం లేనివారుగా జీవించే స్థితి సాధారణమైంది. కుటుంబంలో మాటతో తీరిన సమస్య అపరిచితుల మధ్య వివాదమైంది.

ఈ ఇళ్ల కప్పులు ఎంత నిరోధం ఇస్తాయో ఐరోపా ప్రమాణాల్లోని అంచనా సూత్రంతో లెక్కకట్టవచ్చు. చదరపు మీటరుకు 312 కిలోలున్న వట్టి స్లాబుకు తాకిడి శబ్దపు అంకె సుమారు 77 డెసిబెల్లు వస్తుంది. దానిపై సిమెంటు మడ్డి, టైల్సు కలిపి మరో 100 కిలోలు చేరాయనుకుంటే అది సుమారు 72కు తగ్గుతుంది. ఇంగ్లండు పరిమితి 62, 1989 నాటి జర్మన్ పరిమితి 53 అని గుర్తుచేసుకుంటే అంతరం ఎంతో తెలుస్తుంది. గాలి శబ్దం విషయంలో ఇదే స్లాబు మెరుగ్గా పనిచేస్తుంది. పై ఇంటివారి మాటలు అర్థంకావు కానీ వారి అడుగులు లెక్కపెట్టవచ్చు అన్న కింది కాపురస్థుల అనుభవానికి కారణం ఇదే. గట్టి టైల్సు, విట్రిఫైడ్ పలకలు, గ్రానైటు సిమెంటుతో నేరుగా స్లాబుకు అతుక్కుంటాయి. శుభ్రతకు, మన ఎండలకు అవి అనుకూలం. తాకిడిని మెత్తబరచే గుణం మాత్రం వాటికి లేదు.

భారతదేశంలో ఈ జ్ఞానం లేకపోలేదు. పరిశ్రమేతర భవనాల శబ్దనిరోధానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 1950 వెలువడింది 1962లోనే. 1970 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి, దాని తరువాతి కూర్పులు శబ్దనిరోధాన్ని చర్చించాయి. 2016 కూర్పులో 8వ భాగం 4వ విభాగం దీనికే కేటాయించినది. అయితే ఆ స్మృతి సిఫారసు స్వభావం గలది. రాష్ట్ర, స్థానిక నిబంధనలు స్వీకరించిన మేరకే దానికి బలం వస్తుంది. మరోవైపు, 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల పరిమితి పెట్టాయి. అవి ప్రధానంగా లౌడ్‌స్పీకర్లు, హారన్లు, బాణసంచా వంటి బయటి శబ్దాలను ఉద్దేశించినవి. 1864 నాటి లండన్‌లో వలెనే ఇక్కడా చట్టం ముందు వీధిని విన్నది. కప్పును ఇంకా వినవలసి ఉంది.

8. సీలింగు పరిమితి

నేడు కింది ఇంటివారు ఆశ్రయించే మార్గం ఫాల్స్ సీలింగు. అలంకారం కోసం, దీపాల కోసం వేసే సాధారణ జిప్సం సీలింగు స్లాబుకు గట్టి లోహపు కడ్డీలతో వేలాడుతుంది. స్లాబు కంపిస్తే కడ్డీ ద్వారా పలకా కంపిస్తుంది. దీపాల కోసం కోసిన రంధ్రాలు కార్లైల్ గది కిటికీలా శబ్దానికి దారి ఇస్తాయి. సాగే వేలాడదీత, తగినంత ఖాళీ, అందులో ఖనిజపు ఉన్ని, రెండు పొరల బరువైన పలకలు, మూసిన అంచులు ఉంటే ఫలితం కొంత చెప్పుకోదగినదిగానే ఉంటుంది. అప్పుడు కూడా గోడల గుండా దిగే శబ్దం మిగిలిపోతుంది. గది ఎత్తు తగ్గుతుంది. ఖర్చు బాధపడేవారిపైనే పడుతుంది.

అదే పనిని పై నేలలో, టైల్సు వేయడానికి ముందు, పలుచని స్థితిస్థాపక పొరతో, గోడల అంచున దానిని పైకి మలచి చేస్తే శబ్దం పుట్టుకలోనే నిర్మాణం నుంచి విడిపోతుంది. టైల్సు పడిన తరువాత ఆ అవకాశం పోతుంది. ఇంటి నిర్మాణంలో ఈ నిర్ణయానికి ఉన్న సమయం బహుకొద్ది. ఆ కొద్ది సమయంలో కింద నివసించబోయేవారు సాధారణంగా అక్కడ ఉండరు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, శబ్దనిరోధ జ్ఞానం ప్రయోగశాలలతో మొదలు కాలేదు. మేస్త్రీల పూరకాలలో, మిద్దె మట్టిలో అది ఆచరణగా ఉండేది. నిర్మాణ పద్ధతులు మారినప్పుడు ఆ ఆచరణ జారిపోయింది. లోపం కనబడ్డాక శాస్త్రం దానిని తిరిగి కొలిచి చెప్పింది. రెండవది, అఖండత వల్ల కాంక్రీటు బలవంతమైంది, అదే అఖండత వల్ల శబ్దవాహకమైంది. అందువల్ల పరిష్కారం మరింత బరువులో కంటే తగిన చోట విడదీయడంలో ఉంది. మూడవది, బాధ ఒకరిది, హక్కు మరొకరిది అయిన చోట ఇరుగుపొరుగుల మంచితనం మాత్రమే చాలదు. ఇంగ్లండు, జర్మనీ, కొరియా నిబంధనలు ఈ సత్యాన్ని వేర్వేరు కాలాల్లో గుర్తించాయి.

తెలుగు నగరాలలో నివాసం వేగంగా పైకి పెరుగుతోంది. 1962 నుంచీ ప్రమాణ పత్రాలలో ఉన్న జ్ఞానం అనుమతుల పత్రాలలోకి, అక్కడి నుంచి టైల్సు వేసే మేస్త్రీ చేతికి చేరవలసి ఉంది. రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయేవారు, మంచాన ఉన్న వృద్ధులు, పరీక్షలకు చదివే పిల్లలు ఆ కప్పు కిందనే ఉన్నారు. వారికి దక్కే నిశ్శబ్దం వారి తలపై ఉన్న నేలను ఎవరు, ఏ రోజు, ఎలా వేశారన్నదానిపై ఆధారపడి ఉంటుంది.